యూవీ దీపం పెట్టినా దుంపలకు బూజు పోవడం లేదా?

బెంగళూరులో మేడ మీద గ్లాడియోలస్, లిల్లీ పెంచే మిత్రులు నన్ను ఎక్కువగా అడిగేది మళ్ళీ నాటడానికి దాచిపెట్టిన దుంపల గురించే. వాటికి పట్టే బూజుని చంపాలని యూవీ (అతినీలలోహిత) దీపం పెడుతుంటారు. లిల్లీ అంటే ఇక్కడివాళ్ళు సుగంధరాజ అనే పువ్వు.

సమస్య: దీపం పెట్టాక వారం తిరక్కుండానే బూజు మళ్ళీ వచ్చింది.

ముందు దీపం ఏదో చూడండి. ఊదారంగు బ్లాక్‌లైట్, గోళ్ళ రంగు ఆరబెట్టే దీపం దీనికి పనికిరావు. బూజు బీజాల డీఎన్ఏని దెబ్బతీసేది యూవీ-సీ అనే రకం కాంతి, ఈ దీపాల్లో మామూలుగా 254 నానోమీటర్లది. మామూలు గాజు దాన్ని ఆపేస్తుంది కాబట్టి దుంపలకూ దీపానికీ మధ్య గాజు పలక ఉండకూడదు. దీపం సరైనదే అయితే, తర్వాత దుంపల్ని వెలుతురులో పెట్టారేమో గుర్తు చేసుకోండి. దెబ్బతిన్న శిలీంద్రం మామూలు వెలుతురు సాయంతో తన డీఎన్ఏని బాగుచేసుకోగలదు. సాయంత్రం దీపం పెట్టి, రాత్రంతా చీకట్లోనే ఉంచండి.

సమస్య: పైవైపు శుభ్రంగా ఉంది, కిందవైపు బూజు.

నీడ వల్ల. ఎండు పొరల కింద, వేర్ల కుచ్చులో, అంటిన మట్టి వెనక ఈ కాంతి పడదు. మట్టి దులిపి, ఎండువేర్లు తీసి, దుంపలు ఒకదానికొకటి తగలకుండా పరచండి. ఒకవైపు అయ్యాక తిప్పి రెండోవైపు కూడా చూపించండి.

సమస్య: పైకి బాగుంది, అడుగు నొక్కితే మెత్తగా ఉంది.

అందరూ దీపం మీద ఆశ పెట్టుకునేది ఇక్కడే. ఒక దుంపని నిలువునా కోసి చూడండి. అడుగు నుంచి గోధుమరంగు పైకి పాకుతుంటే ఫ్యుజేరియం అనే కుళ్ళు తెచ్చే శిలీంద్రం అని అనుమానించాలి. రోగం కండలో ఉంది, కాంతి మాత్రం పైతొక్క దాటదు. ఎన్ని గంటలు పెట్టినా లాభం లేదు. ఇష్టంగా పెంచుకున్నవని మనసు ఒప్పకపోయినా పారేయండి, కంపోస్టులో మాత్రం వేయొద్దు. ఆ కుండీ మట్టిలో గ్లాడియోలస్ మళ్ళీ నాటొద్దు, శిలీంద్రం ఏళ్ళ తరబడి అందులో బతుకుతుంది.

ఈ కుళ్ళుని ఆపాల్సింది తవ్వేటప్పుడే. గాయాల్లోంచి రోగం సులువుగా లోపలికి పోతుంది. అందుకే గీత పడకుండా తవ్వి, గాలి ఆడే నీడలో ఆరబెట్టండి. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాను కింద పెట్టండి. కొత్తవి కొన్నప్పుడు, అవి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ప్రజ్వల్, శృంగార్ అనే లిల్లీ రకాలే అయినా సరే, అడుగు నొక్కి చూశాకే తీసుకోండి.

సమస్య: రాత్రి కళ్ళలో ఇసుక పడ్డట్టు మంట.

వెలుగుతున్న దీపాన్ని చూశారన్నమాట. మంట కొన్ని గంటలు ఆగి మొదలవుతుంది. కంటి డాక్టర్‌కి చూపించుకోండి. అప్పటిదాకా దీపం ముట్టొద్దు. తర్వాత కూడా మూత ఉన్న పెట్టెలోనే వాడండి. మూత ఎత్తగానే ఆరిపోయేలా ఎలక్ట్రీషియన్ చేత స్విచ్ పెట్టించండి.