థార్ ఎడారి పల్లెను నీటి జాడతో అర్థం చేసుకోవడం ఎలా

జైసల్మేర్ వెళ్లినవారిలో చాలామంది పట్టణానికి పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్ దిబ్బల దగ్గర ఒంటె ఎక్కి, సూర్యాస్తమయం చూసి తిరిగి వచ్చేస్తారు. ఇసుక అందం అక్కడ కనిపిస్తుంది గాని, ఇసుకలో మనుషులు ఎలా నిలదొక్కుకున్నారో తెలియాలంటే నీరు ఆగే చోట్లు వెతకాలి. ఇందుకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. రాత్రి చలి గట్టిగా ఉంటుంది కనుక ఉన్నిబట్టలు తప్పనిసరి. వేసవి ప్రయాణం మానుకోవడమే మంచిది: 2016 మే నెలలో ఇదే ఎడారిలోని ఫలోదీలో 51 డిగ్రీల ఎండ నమోదైంది.

ఢాణీకి, అంటే పొలాల మధ్య నాలుగైదు ఇళ్లు మాత్రమే ఉండే చిన్న నివాసానికి చేరగానే, ఇక్కడ తాగేది ఏ నీరని అడగండి. వారి లెక్కలో నీరు మూడు రకాలు. వాననీరు పాలర్ పానీ. లోతుగా ఉండి తరచుగా ఉప్పగా ఉండేది పాతాళ్ పానీ. ఈ రెండింటి నడుమ ఇసుకలో తేమగా నిలిచేది రెజానీ పానీ. కొన్నిచోట్ల ఇసుక అడుగున జిప్సం పొర ఉండి, ఇంకిన వాన తేమను కిందనున్న ఉప్పునీటిలో కలవనివ్వదు. ఆ పొర దాకా సన్నగా తవ్విన బావే కుఁయీ లేదా బేరీ. గోడల నుంచి నీరు బొట్టు బొట్టుగా ఊరి, పోగైనంతే తోడుకోవాలి. సగటున ఏడాదికి 200 మిల్లీమీటర్ల వానైనా పడని చోట ఇంత సూక్ష్మంగా నేలను చదివినవారిని నిరక్షరాస్యులనడానికి నాకు నోరు రాదు.

టాంకా, అంటే వాననీటిని దాచుకునే నేలతొట్టి, కనిపిస్తే, దాని చుట్టూ వాలుగా చదును చేసిన నేల మీద చెప్పులతో నడవకండి; వాననీరు దాని మీదుగానే తొట్టిలోకి చేరుతుంది. అడగకుండా నీరు తోడకండి.

తరువాత చెట్టు చూడండి. అక్కడివారు ఖేజ్రీ అనేది మన దసరా జమ్మే. దాని ఆకు మేకలకూ ఒంటెలకూ మేత, ఎండబెట్టిన కాయ సాంగ్రీ కూర. కేర్ అనే ఎడారి పొద కాయలతో కలిపి వండి పెడితే వద్దనకండి.

ఇందిరాగాంధీ కాలువ కొన్ని గ్రామాల నీటి లెక్కలను మార్చింది. అందువల్ల పాత పద్ధతి చూడదలిస్తే కాలువకు దూరంగా, పాలీవాల్ బ్రాహ్మణులు తీర్చిదిద్దిన ఖడీన్ల, అంటే వాననీటిని నిలిపి సాగుచేసే పొలాల వైపు వెళ్లాలి. పల్లానికి అడ్డంగా కట్ట వేసి వాననీటిని నిలిపి, అది ఇంకిన తేమలో శీతకాలపు గోధుమ, శనగ విత్తుతారు. సరిహద్దు వైపు కొన్ని ప్రాంతాలకు అధికారుల అనుమతి కావాలి; బయలుదేరే ముందే జైసల్మేర్‌లో విచారించుకోండి.