ఫాంటసీ నవలల సిరీస్ సినిమాగా ఎందుకు మొదలవదు: సమస్య - పరిష్కారం

"బడ్జెట్ ఎక్కువ" అని స్టూడియోలు పైకి చెప్పే మాట అబద్ధం కాదు. కానీ అంతకన్నా ఖరీదైన సీక్వెల్‌కు అదే స్టూడియో కళ్లు మూసుకుని సంతకం పెడుతుంది. అందుకే ప్రాజెక్టు ఏ దశలో ఆగిందో ముందు చూడాలి.

స్క్రిప్టు బాగుందంటారు, పచ్చజెండా మాత్రం ఊపరు

కారణం: చాలాసార్లు మొదటి సినిమాకు సొంత ముగింపు ఉండదు. ఖర్చు ఇప్పుడే పెట్టాలి, ప్రేక్షకుడికి తృప్తి మాత్రం మూడో భాగంలో. 2007లో వచ్చిన 'ది గోల్డెన్ కంపాస్' బడ్జెట్ దాదాపు 18 కోట్ల డాలర్లు. ప్రపంచవ్యాప్త వసూళ్లు 37 కోట్లు దాటినా అమెరికాలో వచ్చింది సుమారు 7 కోట్లే. విదేశీ హక్కుల్ని నిర్మాణ సంస్థ ముందే అమ్మేసుకుంది కాబట్టి బయటి వసూళ్లు దాని చేతికి రాలేదు. పైగా నవల చివరి అధ్యాయాలను రెండో భాగం కోసం దాచారు. ఆ రెండో భాగం రానేలేదు.

పరిష్కారం: నవల ఎక్కడ ముగిసిందన్నది పక్కన పెట్టి, మొదటి సినిమాలోనే తేలిపోయే ఒక్క ప్రశ్నను పట్టుకోండి. ప్రతి అధ్యాయానికి ఒక కార్డు తీసుకుని, అందులో ఎవరికి ఏం కావాలో, చివరికి దక్కిందో లేదో రాయండి. ఆ ప్రశ్నతో సంబంధం లేని కార్డులన్నీ తీసేయండి, ఎంత ఇష్టమైనవైనా సరే. తర్వాత నవల చదవని మనిషికి స్క్రిప్టు ఇవ్వండి. చదివాక "ఆ తర్వాత ఏమవుతుంది?" అని అడిగితే బాగున్నట్టు. "ఇదేంటి, అయిపోయిందా?" అంటే సినిమా ఇంకా తయారు కాలేదు.

'డ్యూన్' (2021) సగం కథతోనే నెగ్గింది కదా అంటారు. రెండో భాగానికి అనుమతి వచ్చింది మాత్రం మొదటిది విడుదలయ్యాకే. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సినిమాలనూ న్యూజిలాండ్‌లో 274 రోజుల్లో ఒకేసారి తీశారు. మొదటిది పోతే మిగతా రెండింటి ఖర్చూ మునిగేదే. ఎవరైనా దాన్ని నమూనాగా చూపిస్తే స్టూడియోకు ముందు గుర్తొచ్చేది ఆ సాహసమే.

"రెండు గంటల్లో ఇమడదు"

స్క్రిప్టులో పేజీకి సుమారు ఒక నిమిషం, అంటే 120 పేజీలు. ఎనిమిది పుస్తకాల 'డార్క్ టవర్' 2017లో 95 నిమిషాల సినిమా అయింది. పాఠకులకూ నచ్చలేదు, కొత్తవాళ్లకూ అర్థం కాలేదు. ముందు ఒకే పని చేసే పాత్రల్ని కలిపేయండి. మొదటి పది పేజీల్లో కొత్త పేర్లు లెక్కపెట్టి, కథకు అవసరం లేనివి కొట్టేయండి. అప్పటికీ ఇమడకపోతే వెబ్ సిరీస్‌గా అడగడమే మంచిది. గోల్డెన్ కంపాస్ నవలల త్రయమే 2019 నుంచి 2022 దాకా మూడు సీజన్లుగా పూర్తయింది.

బడ్జెట్ షీట్ చూశాక ఫోన్లు ఆగిపోతాయి

యుద్ధ సన్నివేశం ఒక వారం తలనొప్పి. అసలు ఖర్చు హీరో పక్కనే తిరిగే జంతువుది. అది ఉన్న ప్రతి ఫ్రేమూ వీఎఫ్ఎక్స్ (కంప్యూటర్‌తో సృష్టించే దృశ్యం) షాటే, ఇద్దరు కూర్చుని మాట్లాడుకున్నా సరే. స్క్రిప్టు తీసుకుని జీవులకు ఎరుపు, మంత్రాలకు నీలం, జనసమూహాలకు ఆకుపచ్చ గీతలు పెట్టండి. ఎరుపు ఉన్న సీన్లలో ఆ జీవిని నిజంగా చూపించాల్సినవి ఏవో తేల్చండి. మిగతా చోట్ల గొంతు, నీడ, ఎదుటి మనిషి ముఖం చాలు.

హక్కులు కొన్నారు, ఏళ్లు గడుస్తున్నా కదలిక లేదు

ఆప్షన్ (నవల హక్కుల్ని కొంతకాలం తమకే ఉంచుకునే ఒప్పందం) సాధారణంగా 12 నుంచి 18 నెలలు, ఆపై పొడిగింపులు. ఒప్పందంలో "నిర్మాణం" అంటే ఏమిటో గట్టిగా రాయకపోతే ఏం జరుగుతుందో 'వీల్ ఆఫ్ టైమ్' నవలల సిరీస్ చూపించింది. 2015 ఫిబ్రవరిలో, గడువు ముగియడానికి రోజుల ముందు, హక్కులు చేజారకుండా ఒక పైలట్ (నమూనా తొలి) ఎపిసోడ్‌ను తెల్లవారుజామున ఒంటిగంటన్నరకు టీవీలో వేశారు. కాబట్టి కనీస నిడివి, షూటింగ్ మొదలుపెట్టాల్సిన తేదీ, తప్పితే హక్కులు రచయితకు తిరిగొచ్చే విధానం ముందే రాసుకోవాలి.

పిల్లలే హీరోలైన సిరీస్

నటులు కథకన్నా వేగంగా పెరుగుతారు. నవలలో వయసు పన్నెండైతే, ఆఖరి భాగం షూటింగ్ నాటికి ఆ నటుడికి ఎన్నేళ్లుంటాయో షెడ్యూల్‌లోనే రాసి చూపించండి. పుస్తకాలు ఇంకా పూర్తి కాకపోతే ముగింపు ఏమిటో రచయిత దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' పుస్తకాలను దాటి ముందుకెళ్లిపోవాల్సి వచ్చింది.