అంబులెన్స్ వాలంటీర్‌గా చేరారా? సామాన్లు, వైర్‌లెస్ సెట్ ఎలా వాడాలంటే...

కొత్త వాలంటీర్లలో పేషెంట్‌ని చూసి కంగారుపడేవాళ్లు తక్కువే. ఆక్సిజన్ వాల్వ్ ఎటు తిప్పాలో గుర్తురాక, సెట్‌లో ఏం మాట్లాడాలో తోచక చేతులు వణికేవాళ్లే ఎక్కువ. మొదటి కాల్ రాకముందే ఇవి చేతికి అలవాటైపోవాలి.

1. షిఫ్ట్ మొదలవగానే ఆన్ చేసి చూడండి

వస్తువు పెట్టెలో ఉందని టిక్కు పెట్టేసి సంతకం చేస్తే సరిపోదు. సక్షన్ మెషిన్ (నోట్లోని వాంతి, లాలాజలం లాగేసేది) ఆన్ చేసి, ట్యూబు మడిచి పట్టుకుని, గేజ్‌లో ముల్లు గబగబా పైకి వెళ్తోందో లేదో చూడండి. పెద్దవాళ్ల అంబూ బ్యాగ్‌కి (చేత్తో పిండి ఊపిరి అందించే సంచి) మాస్క్ తగిలించే చోట అరచేత్తో మూసి పిండితే గాలి జారకూడదు. ఏఈడీలో (గుండె లయ చూసి, అవసరమైతే షాక్ ఇచ్చే మెషిన్) రెడీ లైట్‌తో పాటు ప్యాడ్‌ల గడువు తేదీ కూడా చూడాలి, ఎందుకంటే జెల్ ఎండిపోయిన ప్యాడ్ ఒంటికి సరిగా అతుక్కోదు. పక్కనే రేజర్, కత్తెర, పొడి టవల్ ఉండాలి.

2. ఆక్సిజన్ ఎంతసేపు వస్తుందో ముందే లెక్కేసుకోండి

లెక్క చాలా తేలిక. సిలిండర్ మీద రాసి ఉన్న లీటర్లని (నీళ్లు పోస్తే పట్టే కొలత) గేజ్ చూపించే బార్‌లతో (ఒత్తిడి కొలత) హెచ్చిస్తే లోపల ఎంత వాయువు ఉందో తెలుస్తుంది. 2 లీటర్ల సిలిండర్, 150 బార్ ఉంటే 300 లీటర్లు; నిమిషానికి 10 లీటర్లు ఇస్తే 30 నిమిషాలు. నేనైతే 20 నిమిషాలే అనుకుంటాను, లిఫ్ట్ పనిచేయని బిల్డింగ్‌లు ఉంటాయిగా! రెగ్యులేటర్ బిగించాక వాల్వ్ మెల్లగా తిప్పండి, గేజ్ మొహం మీ వైపు ఉండకూడదు. నూనె, గ్రీజు, అప్పుడే రాసుకున్న శానిటైజర్ ఉన్న చేతులతో దాన్ని ముట్టుకోకండి, అంత ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి జిడ్డు తోడైతే నిప్పు పుట్టొచ్చు.

3. స్ట్రెచర్

ఒక్కరే ఎత్తొద్దు. తల వైపు ఉన్నవాళ్లు లెక్కపెట్టాలి, మిగతావాళ్లు ఆ మాట ప్రకారమే లేపాలి, నడుము వంచకుండా మోకాళ్లు వంచి. బెల్టులన్నీ పెట్టండి. బండిలోకి ఎక్కించాక లాక్ పడ్డ చప్పుడు వినిపించినా సరే, ఒకసారి వెనక్కి లాగి చూడండి.

4. సెట్ బటన్ నొక్కే ముందు వినండి

ఛానెల్‌లో ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగండి. చెప్పాల్సింది మనసులో ఒక వాక్యంగా కుదిరాక బటన్ నొక్కి, ఒక సెకను ఆగి మొదలుపెట్టండి, లేకపోతే మీ మొదటి మాట ఎవరికీ వినబడదు. అరవకండి, మాట బొంగురుపోయి ఇంకా అర్థం కాదు. ముందు మీరు ఎవరిని పిలుస్తున్నారో వాళ్ల పేరు, తర్వాత మీది; మాట అయిపోయిందని చెప్పడానికి చివర "ఓవర్":

"కంట్రోల్, అంబులెన్స్ 3."
"అంబులెన్స్ 3, చెప్పండి."
"స్పాట్‌కి చేరాం. పేషెంట్ ఒక్కరే, స్పృహలో ఉన్నారు. ఓవర్."

అడ్రస్ చెప్తే తిరిగి చదివి వినిపించండి, నంబర్లు ఒక్కో అంకె చొప్పున: ఒకటి, ఐదు, సున్నా. పేషెంట్ పేరు మాత్రం గాల్లో చెప్పొద్దు, ఎవరెవరు వింటున్నారో తెలియదు. సిగ్నల్ రాకపోతే కిటికీ దగ్గరకు జరిగి, యాంటెన్నా నిటారుగా పెట్టి ప్రయత్నించండి. సెట్ మీద కూర్చుంటే బటన్ నొక్కుకుపోయి ఛానెల్ మొత్తం మూసుకుపోతుంది, అందుకే నడుముకి తగిలించుకున్న సెట్ మీద ఒక కన్నేసి ఉంచండి. ఏఈడీ గుండె లయ చూస్తున్నప్పుడు దాని పక్కనే నిలబడి సెట్‌లో మాట్లాడకండి.

5. ఆసుపత్రికి ముందుగా చెప్పడం

అర నిమిషంలో అయిపోవాలి. వయసు, ఆడో మగో, ఏం జరిగింది, బీపీ, పల్స్, ఆక్సిజన్, మీరేం చేశారు, ఎన్ని నిమిషాల్లో వస్తారు. "యాభై ఏళ్ల మగ పేషెంట్, బైక్ మీద నుంచి పడ్డారు, కుడి తొడ విరిగినట్టుంది, బీపీ 100 బై 60, పల్స్ 118, ఆక్సిజన్ ఇస్తున్నాం, 8 నిమిషాల్లో వస్తాం." ఇంతే చాలు, మిగతా కథ అక్కడికెళ్లాక చెప్పొచ్చు.

6. కేసు అయ్యాక

సిలిండర్ వాల్వ్ మూసి, రెగ్యులేటర్‌లో మిగిలిన గాలి వదిలేసి, ఫ్లో సున్నాకి తిప్పండి. వాడిన మాస్క్, ట్యూబు, ప్యాడ్‌ల స్థానంలో కొత్తవి పెట్టి, సెట్ ఛార్జింగ్‌కి పెట్టాకే టీ తాగడానికి వెళ్లండి.