స్టేనేజ్ ఎడ్జ్‌కి క్లైంబింగ్‌కి వెళ్తున్నారా? కారు ఎక్కడ పెట్టాలి, రాతి దగ్గరికి ఎలా చేరాలి?

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌కి పడమర, హాథర్‌సేజ్ ఊరి పైన, చెట్లు లేని ఎత్తైన బీడు నేల (మూర్) అంచున దాదాపు ఆరు కిలోమీటర్ల పొడవున సాగే రాతి గోడ స్టేనేజ్ ఎడ్జ్. గరుకు ఇసుకరాయి, అక్కడి మాటలో గ్రిట్‌స్టోన్. షెఫీల్డ్‌లో చదువుకుంటూ ఇండోర్ వాల్ మీద చెయ్యి తిరిగిన మన పిల్లలు అసలు రాయి పట్టుకోవాలనుకుంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలీదు.

ముందురోజు రాత్రే బ్రిటిష్ మౌంటెనీరింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో స్టేనేజ్ వివరాలు చూసుకోండి. వసంతంలో రింగ్ ఊజల్ అనే పక్షి ఈ రాతి అరల్లో గూడు కడుతుంది. నల్లటి ఒళ్ళు, మగదానికి రొమ్ము మీద తెల్లని నెలవంక. గూడున్న చోట ఎక్కొద్దని బోర్డు పెడతారు. బోర్డు లేకపోయినా, రెండు గులకరాళ్ళు కొట్టుకున్నట్టు టక్ టక్ అని ఆగకుండా అరుస్తుంటే మీరు గూటి దగ్గర ఉన్నారని అర్థం. వెంటనే పక్కకి జరగండి. తల్లి భయపడి గూటికి రాకపోతే పిల్లలు చలికి పోతాయి.

తర్వాత, ఏ భాగంలో ఎక్కుతారో తేల్చుకోండి. కారు ఎక్కడ పెట్టాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. పాపులర్ ఎండ్‌కి హుక్స్‌కార్, ప్లాంటేషన్ వైపుకి హాలిన్ బ్యాంక్, హై నెబ్‌కి డెనిస్ నోల్. మొదటి రెండూ పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ వాళ్ళ పెయిడ్ పార్కింగులు. ఫోన్ యాప్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా బ్యాంకు కార్డు, కాస్త చిల్లర దగ్గర ఉంచుకోండి.

ఎండ కాసిన ఆదివారం తొమ్మిది దాటితే చోటు దొరకడం కష్టం. దొరకలేదని టెన్షన్ పడి గడ్డి గట్టు మీదో, పొలం గేటు ముందో, ఎదురు బండికి దారిచ్చే చోటో ఆపేయకండి. ఒకసారి నా కళ్ళ ముందే ఒక రైతు ట్రాక్టర్ దిగి, గేటుకి అడ్డంగా ఉన్న కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎవరూ కనపడక మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. నేను రెండు పిచ్‌లు (తాడుతో ఒక్క విడతలో ఎక్కే భాగాలు) ఎక్కి దిగేసరికీ అక్కడే ఉన్నాడు. ఆ దారిలోనే రెస్క్యూ బండి కూడా రావాలి కదా!

నన్నడిగితే రైలే నయం. షెఫీల్డ్ నుంచి హాథర్‌సేజ్‌కి ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి నార్త్ లీస్ ఎస్టేట్ మీదుగా గంటకి పైగా నడక, చివర్లో ఎత్తు.

హాలిన్ బ్యాంక్ నుంచైతే చెట్ల మధ్య రాళ్ళు పరిచిన బాట ఉంది. దాన్ని వదిలి హెదర్ పొదల్లోంచి అడ్డదారి తొక్కొద్దు. కింది పీట్ నేల (కుళ్ళిన మొక్కల పొరలతో ఏర్పడిన మెత్తటి మట్టి) కోసుకుపోతే మళ్ళీ పూడదు. 2000లో వచ్చిన చట్టం ఈ మూర్ మీద కాలినడకన తిరిగే, రాళ్ళెక్కే హక్కు ఇచ్చింది, మంట పెట్టే హక్కు కాదు. బార్బెక్యూ ఇంట్లోనే వదిలేయండి. మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కకి పొట్టి పట్టీ తప్పనిసరి.

రాయి తడిగా ఉంటే ఆరేదాకా ఆగండి. ఎక్కేముందు బూట్ల మట్టి గుడ్డతో తుడవండి. డిసెంబర్‌లో నాలుగింటికే పొద్దు కుంకుతుంది, హెడ్‌టార్చ్‌ని కారులో కాకుండా బ్యాగులో పెట్టుకోండి.