ఐఎన్ఆర్ ఎగిరిందా? వాల్వ్‌ను కాదు, జేబును వెతకండి

తిరుపతిలో గుండె వాల్వ్ మార్చుకున్నవాళ్ల ఐఎన్ఆర్ పుస్తకాలు ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఐఎన్ఆర్ అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె: పెరిగితే రక్తం కారే ప్రమాదం, తగ్గితే గడ్డకట్టే ప్రమాదం. రీడింగ్ కాస్త అటూ ఇటూ అయితే చాలు, "వాల్వ్ అరిగిపోయిందా సార్?" అంటారు. అరగడం మాట మరిచిపోండి. మెకానికల్ వాల్వ్ దశాబ్దాలు ఆగుతుంది. తేడా వచ్చేది దాదాపు ఎప్పుడూ రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకునే మందు (ఎసిట్రామ్) దగ్గరే.

ఐఎన్ఆర్ తగ్గింది

ముందు స్ట్రిప్ వెనక్కి తిప్పి ఎన్ని ఎంజీయో చదవండి. ఎసిట్రామ్ 1, 2, 3, 4 ఎంజీల్లో దొరుకుతుంది. 2 ఎంజీ బదులు 1 ఎంజీ తెచ్చుకుని నెలంతా మింగినవాళ్లున్నారు. ఈ ఒక్క పని చేయకుండానే స్కానింగ్ రాయమంటారు! స్ట్రిప్ సరిగానే ఉంటే, మరిచిపోయిన రోజులు లెక్కపెట్టండి. ఆకుకూరలోని విటమిన్ కె రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. అలాగని సంగటిలోకి ఆకుకూర మానక్కర్లేదు, ఒక వారం రోజూ, మరో వారం అసలు లేకుండా మాత్రం తినకండి.

ఐఎన్ఆర్ పెరిగింది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. చంద్రగిరి వైపు నుంచి ఒకాయన వచ్చాడు, పళ్లు తోముకుంటే చిగుళ్లలో రక్తం. రీడింగ్ 7 దాటింది. "వేరే మందులేమైనా వేసుకున్నారా?" అంటే లేదన్నాడు. డాక్టరు డోసు తగ్గించి పంపారు. రెండు వారాల తర్వాత చూస్తే 1.4! వాల్వ్ మీద రక్తం గడ్డకట్టే స్థాయి అది. అప్పుడు చొక్కా జేబులోంచి తీశాడు, కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్ ముక్క. పేరు సగమే ఉంది: మెట్రోనిడజోల్. "ఇది మందు కాదు సార్, మోషన్స్ మాత్ర" అన్నాడు. ఆయన దృష్టిలో మందంటే గుండె మాత్రే.

జరిగిందేమిటంటే, ఆ మాత్ర మన ఎసిట్రామ్‌ను కాలేయం విరగ్గొట్టకుండా అడ్డుకుంది. పైగా మోషన్స్‌తో తిండి లేక విటమిన్ కె తగ్గింది. రెండూ కలిసి ఐఎన్ఆర్‌ను ఎగరేశాయి. మాత్రల కోర్సు అయిపోయింది, తిండి మొదలైంది, తగ్గించిన డోసు మాత్రం అలాగే ఉండిపోయింది. అడగాల్సింది నేనే.

ఆనాటి నుంచి "మందులు" అని అడగను. "పది రోజుల్లో జ్వరం, మోషన్స్, పన్ను నొప్పి, దురద?" అని అడుగుతాను. దురదకిచ్చే ఫ్లూకోనజోల్ కూడా ఇదే పని చేస్తుంది.

పరిష్కారం: కొత్త మాత్ర ఏదైనా మొదలుపెట్టే రోజే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. మూడు నుంచి ఐదు రోజుల్లో ఒకసారి, కోర్సు అయిపోయిన వారానికి ఇంకోసారి ఐఎన్ఆర్ చూపించండి. డోసు మీరే మార్చకండి.

ఐఎన్ఆర్‌ను మార్చే థైరాయిడ్, కాలేయం జబ్బుల సంగతి డాక్టరే చూస్తారు. వాల్వ్ కమ్మీ విరగడమనేది బ్యార్క్ షైలీ అనే వాల్వ్ పాత మోడల్ కథ, దాన్ని 1986లోనే మార్కెట్ నుంచి తీసేశారు.

రాత్రి నిశ్శబ్దంలో వినిపించే వాల్వ్ టిక్ టిక్ మందగించినా, ఆగినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, నల్లటి విరేచనం అయినా, తలకు దెబ్బ తగిలినా ఐఎన్ఆర్ కోసం ల్యాబ్‌కు పోకండి. 108కి ఫోన్ చేయండి. పుస్తకం, స్ట్రిప్‌లు చేతిలో పెట్టుకోండి, కత్తిరించిన ముక్కలతో సహా.