పెద్ద స్క్రీన్ ఫోన్ కొనేముందు ఒక అట్టముక్క కత్తిరించండి

పెద్ద స్క్రీన్ ఫోన్‌కి మారాలా వద్దా అని ఊగిసలాడుతుంటే, అంగుళాలు పక్కనపెట్టి ముందు వెడల్పు చూడండి. అంగుళాలంటే తెర ఒక మూల నుంచి ఎదురు మూలకి ఉండే కొలత. ఫోన్లు పొడుగ్గా సాగేకొద్దీ ఆ అంకె మనల్ని బోల్తా కొట్టిస్తుంది. 16:9 నిష్పత్తిలో (పొడవు 16 పాళ్లయితే వెడల్పు 9 పాళ్లు) ఉన్న పాత 5.5 అంగుళాల తెర వెడల్పు సుమారు 68.5 మిల్లీమీటర్లు. 20:9లో ఉన్న 6.5 అంగుళాల తెరది 67.8. అంగుళం పెరిగింది, వెడల్పు మాత్రం పిసరంత తగ్గింది! అడ్డంగా తిప్పి మామూలు 16:9 వీడియో పెడితే బొమ్మేమీ పెరగదు, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయంతే. చాటింగ్‌లో, వార్తల్లో మాత్రం నాలుగు లైన్లు ఎక్కువ కనిపిస్తాయి. అది నిజమైన లాభమే.

కొనాలనుకున్న ఫోన్ పొడవు, వెడల్పు చూసి అదే కొలతకి అట్టముక్క కత్తిరించండి. ఒక రోజంతా జేబులో పెట్టుకుని తిరగండి. కూర్చున్నప్పుడు గుచ్చుకుంటోందా? ఒంటి చేత్తో పట్టుకుంటే బొటనవేలు పై మూలకి అందుతోందా? కొలతలో కవర్ మందం కూడా కలపండి. నేను అది మర్చిపోయి, ఇప్పుడు ఫోన్ బరువంతా చిటికెనవేలి మీద మోస్తున్నాను.

అక్షరాలు చిన్నగా ఉండటమే మీ బాధైతే, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకెళ్లి ఫాంట్ సైజు ఒక మెట్టు పెంచి వారం రోజులు వాడండి. అప్పటికీ చాలకపోతే అప్పుడు కొత్తది చూసుకోవచ్చు.