పాత అమెరికన్ సోదర సంఘాల ఖడ్గాలను గుర్తించడం: సమస్య - పరిష్కారం

అమెరికాలో పాత సామాను సంతల్లోనూ, ఇంటి పెద్దలు పోయాక వారసులు పెట్టే అమ్మకాల్లోనూ సన్నని అలుగు, నగిషీ పిడి, మెరిసే ఒర ఉన్న ఖడ్గాలు తరచుగా కనబడుతుంటాయి. వాటిలో అధికభాగం యుద్ధానికి చేసినవి కావు. 19వ శతాబ్ది చివరి దశాబ్దాల నుంచి 20వ శతాబ్ది తొలినాళ్ల వరకు సోదర సంఘాల (అన్నదమ్ముల్లా కలిసిమెలిసి ఉంటామంటూ, తమకంటూ చిహ్నాలూ ఆచారాలూ పెట్టుకున్న సంఘాల) సభ్యులు ఊరేగింపుల్లో నడుముకు కట్టుకున్నవి. గుర్తింపులో పొరపాట్లు ఎక్కువగా అమ్మేవారి చీటీని ముందు చదివి, వస్తువును తరువాత చూడడం వల్లనే వస్తాయి.

సమస్య: "ఇది క్రూసేడ్ల (మధ్యయుగంలో క్రైస్తవులు చేసిన మతయుద్ధాల) కాలపు ఖడ్గం" అని అమ్మేవారు చెబుతున్నారు.

కారణం: పిడి కొనమీద వీరుడి శిరస్త్రాణం, అడ్డుపట్టీమీద శిలువ ఉండడంతో అది మధ్యయుగానిదని ఎవరైనా భ్రమపడతారు. నిజానికి ఫ్రీమేసన్లు అనే సోదర సంఘానికి అనుబంధమైన నైట్స్ టెంప్లర్ శాఖవారు, క్రూసేడ్లలో పోరాడిన టెంప్లర్ వీరుల పేరునూ చిహ్నాలనూ తాము స్వీకరించారు.

పరిష్కారం: కిరీటంలోంచి నిలిచిన శిలువ, దాని చుట్టూ "ఇన్ హాక్ సిగ్నో విన్సెస్" అనే లాటిన్ వాక్యం ఉన్నాయేమో చూడండి, ఉంటే అది టెంప్లర్ ఖడ్గమే. సాధారణంగా నల్లపిడి మామూలు సభ్యుడిది, తెల్లపిడి అధికారిది. అయితే శిరస్త్రాణం ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, ఎందుకంటే 1864లో వాషింగ్టన్‌లో పుట్టిన నైట్స్ ఆఫ్ పిథియస్ అనే మరో సోదర సంఘం వారి ఖడ్గాలమీద కూడా అది కనబడుతుంది. వారిదైతే స్నేహం, దానం, పరోపకారం అనే మాటల ఇంగ్లీషు తొలి అక్షరాలు ఎఫ్, సి, బి ఎక్కడో ఒకచోట ఉంటాయి. మూడు గొలుసు కడియాలు ఆడ్ ఫెలోస్ అనే సంఘం గుర్తు. వాటికి తోడు పి, ఎం అక్షరాలుంటే అది 1885లో ఏర్పడిన వారి సైనిక తరహా శాఖ, పేట్రియార్క్స్ మిలిటెంట్‌ది. పిడి కొనమీద కొలంబస్ తల ఉంటే అది నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కాథలిక్కుల సంఘానిది.

సమస్య: అలుగుమీద "ఏమ్స్, చికొపీ" అని ఉంది కనుక అంతర్యుద్ధ కాలపు ఖడ్గమంటున్నారు.

మసాచుసెట్స్ రాష్ట్రం చికొపీ ఊళ్లోని ఏమ్స్ కర్మాగారం 1861-65 యుద్ధంలో సైన్యానికి ఖడ్గాలు చేసిన మాట నిజమే, కానీ ఆ తరువాత కూడా అదే ఊళ్లో సంఘాలకు వేలకొద్దీ చేసింది. ఏమ్స్ స్వోర్డ్ కంపెనీ అన్న పేరు 1881 నుంచి వచ్చింది కనుక ఆ ముద్ర ఉన్నది అంతకు ముందుది కాదు. ఒహాయోలోని కొలంబస్ నగరపు ఎం. సి. లిల్లీ కంపెనీ ముద్ర కూడా తరచుగా కనబడుతుంది. అది 1865లో మొదలైన సంస్థ. అలుగుమీద "జర్మనీ" అని దేశం పేరు కూడా ఉంటే, దిగుమతి సరుకుమీద దేశం పేరు వేయాలన్న 1890 నాటి అమెరికా చట్టం తరువాతిదని భావించవచ్చు.

సమస్య: అలుగు నడుమ ఎవరిదో పేరుంది, చేసినవాడి పేరా?

కాదు. అది దాదాపు ఎప్పుడూ ఖడ్గం కట్టుకున్న సభ్యుడి పేరే. నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది ఈ పేరే, ఎందుకంటే ముద్ర కర్మాగారాన్ని మాత్రమే చెబుతుంది. ఒరమీద శాఖ పేరో సంఖ్యో కూడా ఉంటే, ఆ రాష్ట్రంలోని సంఘం కార్యాలయానికి రెండూ రాసి అడగవచ్చు. ఒకే పేరున్నవారు పలువురు ఉండవచ్చు కనుక ఊరు కలవనిదే నిర్ధారణకు రాకూడదు. ఒరమీది చిహ్నమూ పిడిమీది చిహ్నమూ వేర్వేరు సంఘాలవైతే, ఎవరో ఒర మార్చారన్నమాట.

సమస్య: తెల్లపిడి ఏనుగుదంతమా?

పదిరెట్లు చూపే భూతద్దంతో పిడిని వెలుతురులో నెమ్మదిగా తిప్పుతూ చూడండి. సన్నని గీతలు ఒకదానితో ఒకటి కలవకుండా, సమాన దూరంలో, గీసినట్లు సాగితే సెల్యులాయిడ్ (తొలినాళ్ల ప్లాస్టిక్). చిన్న నల్లని చుక్కలూ, పొట్టి గీతలూ ఉంటే ఎముక. గీతలు అలల్లా, ఒకదానితో ఒకటి పోలిక లేకుండా సాగితే దంతం అయ్యే అవకాశముంది. కాల్చిన సూది గుచ్చి చూడమని చెప్పేవారున్నారు. ఆ పని చేయకండి, పాత సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. దంతమని తేలితే, లేదా అనుమానం మిగిలినా, కొనడానికీ అమ్మడానికీ దేశం దాటించడానికీ ముందు చట్టం తెలుసుకోవాలి.